కుళాయి వెనక చెయ్యి

"ఆ చెయ్యి నాది కాదని చెప్పండి బావా. ఆ ఒక్కమాట చాలు నాకు."

చెప్పులైనా విప్పకుండా హాలు మధ్యలో నిలబడి అడిగాడు చిన్నోడు. పేరుకే చిన్నోడు గానీ మనిషి నలభై దాటాడు, నీళ్ళ ఆఫీసులో సూపర్‌వైజరు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. చిన్నప్పుడు అక్క పెట్టిన పిలుపు అలా అంటుకుపోయింది. చేతిలో పోయిన ఆదివారం పేపరు నలిగిపోయి ఉంది. అందులో అరపేజీ నిండా బావగారు వేసిన బొమ్మ, కింద మొదటి బహుమతి అని పెద్ద అక్షరాలు.

కుర్చీలో కూర్చుని గోళ్ళలో ఇరుక్కున్న రంగు గీక్కుంటున్న పెయింటరు తల ఎత్తాడు.

"నీదే కదరా. కాదని ఎలా చెప్పను?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అతని భార్య బొమ్మలావిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. కట్టుకున్నవాడికి అబద్ధం చెప్పడం చేతకాదని పెళ్ళయిన వారానికే ఆమెకు తెలిసింది. చెప్పబోయినా మాట తడబడి, చెవులు ఎర్రబడి, తనను తనే పట్టిచ్చేసుకుంటాడు. అలాంటివాడిని ఇవాళ ఒక్క అబద్ధం చెప్పమని తమ్ముడు బతిమాలుతున్నాడు.

"చూశావా అక్కా. నా ఉద్యోగం పోతుందంటే మీ ఆయన గోళ్ళు గీక్కుంటున్నారు."

"ముందు కూర్చోరా. కాసిని మంచినీళ్ళు తాగు."

"నీళ్ళ మాట ఎత్తకు నా దగ్గర."

అతను కూర్చోలేదు. పేపరు టీపాయ్ మీద పడేసి, ఎడమచెయ్యి పైకెత్తి చూపించాడు. ఆ చేతికి చూపుడువేలు సగమే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాల్వు మూస్తుంటే నలిగి, పై కణుపు పోయింది.

"రేపు విచారణ. పెద్దసారు నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. ఆ బొమ్మలో చెయ్యి నీదేనని ఆఫీసంతా గుసగుసలాడుతోంది, పేపర్లో మసగ్గా ఉంది కాబట్టి నిన్నింకా ఉంచాను, అన్నాడు. ప్రదర్శన హాలుకెళ్ళి అసలు బొమ్మని దగ్గర్నుంచి చూస్తాడట. వేలు పూర్తిగా ఉంటే నేను బతికిపోతాను. సగం ఉంటే ఇంటికి పంపిస్తాడు. ఇంటిగుట్టు బయట పెట్టేవాడు మాకెందుకు అన్నాడు."

"ఇంటిగుట్టా? మీ ఆఫీసు ఇల్లెప్పుడయింది?" అన్నాడు పెయింటరు.

"జోకులు వెయ్యకండి బావా. మీ జోకుల వల్లే ఇంతదాకా వచ్చింది."

అన్నాడంటే అనడూ మరి. అయితే ఆ బొమ్మలో పెయింటరు కల్పించింది ఆవగింజంత కూడా లేదు. అంతా జరిగిందే, అదే వచ్చిన చిక్కు. పోయిన వేసవిలో ఊరి చివర కొత్త కాలనీకి కుళాయి ప్రారంభోత్సవం పెట్టారు. మంత్రి వచ్చే రోజు ఖాయమైంది గానీ పైపు ఇంకా సగం దారిలోనే ఉంది. పైపు కంటే మంత్రి ముందొచ్చాడు. వెనక్కి పొమ్మనలేరు కదా. అందుకని ఆఫీసువాళ్ళు ఒక గోడ కట్టి, గోడకి ముందు కుళాయి బిగించి, వెనక ఒక గరాటు పెట్టి, పక్కన డ్రమ్ము నిండా నీళ్ళుంచారు. ముందు మంత్రిగారు రిబ్బను కత్తిరించి కుళాయి తిప్పారు, వెనక చిన్నోడు బకెట్టుతో గరాటులో నీళ్ళు పోశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ కాలనీకి కుళాయి వచ్చేసిందని కాగితాల మీద రాసేసుకున్నారు కాబట్టి, అంతవరకూ వచ్చే ట్యాంకరు కూడా మర్నాటి నుంచి ఆగిపోయింది.

ఇదంతా చిన్నోడే ఇదే ఇంట్లో, భోజనాల దగ్గర, పడీపడీ నవ్వుతూ చెప్పాడు. అందరూ నవ్వారు. పెయింటరు మాత్రం తినడం ఆపి బావమరిది చేతి వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపేమిటో బొమ్మలావిడకి బాగా తెలుసు. తెలిసీ ఆ పూట తమ్ముడి నోరు మూయించలేదు. తనూ నవ్వింది.

"ముఖం దాచాను కదరా," అన్నాడు పెయింటరు నెమ్మదిగా. "తల మీంచి తువ్వాలు కప్పి, డ్రమ్ము అవతల పెట్టాను. నిన్ను కన్నతల్లి చూసినా గుర్తుపట్టదు."

"ముఖం దాచి వేలు చూపించారు. మా ఆఫీసులో నా ముఖం ఎవడు చూస్తాడు? అందరూ నన్ను సగంవేలు అనే పిలుస్తారు."

చేతుల విషయంలో ఆ పెయింటరుకి ఒక పిచ్చి ఉంది. ముఖాలు ఊహించి వేస్తాడు గానీ చేతులూ కాళ్ళూ మాత్రం ఎదురుగా మనిషి ఉంటేనే వేస్తాడు. డబ్బిచ్చి మనుషుల్ని కూర్చోబెట్టుకునే స్తోమత ఎన్నడూ లేదు కాబట్టి, ఇంటికొచ్చిన చుట్టాలే అతనికి దిక్కు. ఎవరైనా భోంచేసి కునుకు తీస్తే చాలు, పెన్సిలు తీసేవాడు. ఆ సంగతి తెలిసిన చుట్టాలు ఆ ఇంట్లో చేతులు కట్టుకునే కూర్చుంటారు.

పక్కగదిలో మంచం మీద కూర్చున్న అత్తగారు ఇక ఆగలేకపోయింది. పెయింటరుని కన్నతల్లి ఆవిడే. మోకాళ్ళు నడవనివ్వవు గానీ నోటికి ఏ అడ్డమూ లేదు.

"ఓ వేలు కోసం ఇంత రభస ఏంటయ్యా. నా కాళ్ళు వీడి బొమ్మల్లో ఇప్పటికి నాలుగుసార్లు చచ్చాయి. ఓసారి జడ్జీగారికి కూడా నా కాళ్ళే పెట్టాడు. నేనేమైనా పోట్లాటకొచ్చానా?"

"మీ కాళ్ళకి నెలజీతం లేదు కదా అత్తయ్యగారూ."

"అదీ నిజమే," అని ఆవిడ మళ్ళీ గోడకి ఆనుకుంది.

చిన్నోడు రెండడుగులు ముందుకొచ్చి కుర్చీ ఎదుట నిలబడ్డాడు. గొంతు తగ్గింది. ఆ తగ్గడం చూసే బొమ్మలావిడకి భయం వేసింది.

"ఒక్క సంగతి చెప్పు. ఆ వేలు అలా సగం వెయ్యాలని ఎవరు చెప్పారు నీకు?"

చెప్పు అన్నాడు, చెప్పండి అనలేదు. ఇన్నేళ్ళలో బావని నువ్వు అనడం అదే మొదలు. అత్తగారు కూడా మంచం మీద సర్దుకుని కూర్చుంది.

పెయింటరు చూపు నేల మీంచి లేచి, గుమ్మం దాకా వచ్చి, బొమ్మలావిడ పాదాల దగ్గర ఆగింది. మళ్ళీ వెనక్కి పోయింది.

"ఎవరూ చెప్పలేదు. నాకే తోచింది."

తడబడలేదు. చెవులు ఎర్రబడలేదు. జన్మలో మొదటిసారి అతను అబద్ధాన్ని సరిగ్గా చెప్పాడు.

"అయితే నా పిల్లల నోటిదగ్గర కూడు నీకు తోచి లాగేశావన్నమాట," అన్నాడు చిన్నోడు. "అక్కా, నేను బయట ఉంటాను. ఆ వేలు పూర్తి చేసే దారి ఏదైనా ఉంటే చెప్పు. లేకపోతే ఈ గడప తొక్కడం ఇదే ఆఖరు."

అతను అరుగు మీదకి వెళ్ళి వీధికేసి తిరిగి కూర్చున్నాడు.

బొమ్మలావిడ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద ఏమీ లేకుండానే గరిటె చేతిలోకి తీసుకుంది. గోడ పట్టుకుంటూ అత్తగారు వెనకే వచ్చింది.

"వాడు నిన్ను కాచాడే అమ్మాయ్."

"మీకెలా తెలుసు?"

"నా మంచం ఎక్కడుంది? వాడి గది పక్కనే కదా. చెవులు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి."

గరిటె పక్కన పెట్టి, పీట మీద కూలబడింది బొమ్మలావిడ. వీధివాళ్ళు ఆమెను బొమ్మలావిడ అనడం బొమ్మలాయన పెళ్ళామని. అంతకుమించి వాళ్ళకేమీ తెలియదు. కాన్వాసు బిగించేది, తెల్లపూత పూసేది, బ్రష్షులు కడిగేది, బొమ్మ ఆరాక వార్నిష్ పట్టించేది ఆవిడే. అన్నిటికంటే పెద్ద పని ఇంకొకటుంది. బొమ్మ పూర్తయ్యాక సంతకం పెట్టేముందు అతను ఆమెను పిలిచి ఎదురుగా నిలబెడతాడు. "ఏం తప్పు?" అని అడుగుతాడు. ఆమె ఒక్కటే తప్పు చెప్పాలి, అతను అది దిద్దాలి, అప్పుడే సంతకం. ఆమె తప్పు చెప్పని బొమ్మ ఆ ఇంట్లోంచి బయటికి పోలేదు.

అతను క్యాలెండర్ల కంపెనీలో పనిచేసిన రోజుల్లో మొదలైంది ఈ అలవాటు. పన్నెండు నెలలకి పన్నెండు అందమైన ఆడవాళ్ళ బొమ్మలు వెయ్యమన్నాడు యజమాని. ఇతను ఒకే మనిషిని, నీళ్ళబిందెతో, నెలనెలకీ కాస్త చిక్కిపోతున్నట్టు వేశాడు. డిసెంబరుకి బిందె మాత్రమే మిగిలింది. మార్చి పేజీ చూసేసరికే యజమానికి సంగతి అర్థమై లెక్క చూసి పంపించేశాడు. ఆ క్యాలెండరులో ఆమె చెప్పిన తప్పల్లా ఒకటే. "మోసీ మోసీ ఆవిడ నడుము ఓ పక్కకి ఒరిగిపోదూ?" అంది. అతను దిద్దాడు. ఉద్యోగం ఎలాగూ పోతోందని తెలిసి కూడా దిద్దాడు.

మొన్నామధ్య కుళాయి బొమ్మకీ అలాగే పిలిచాడు. ఆ పూట ఆమెకి వంద పనులున్నాయి. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, బొమ్మ మొత్తం చూడకుండా, అలవాటు కొద్దీ చేతుల వంక చూసింది. బకెట్టు పట్టుకున్న చెయ్యి తమ్ముడిదని చటుక్కున తెలిసిపోయింది, తెలిసిపోవడంతో ముచ్చట కూడా వేసింది. "వేలు తప్పు. చిన్నోడికి సగమేగా ఉంది," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వేలు అతను కావాలనే పూర్తిగా వేశాడని, తమ్ముడిని దాచడానికే వేశాడని అప్పుడు తట్టలేదు. పేపర్లో బొమ్మ పడ్డాక తట్టింది. అప్పట్నుంచి ఆమెకి ముద్ద దిగడం లేదు.

"నేనేం పాపం చేశానో చూడండత్తయ్యా. తోడబుట్టినవాడిని వేలు పెట్టి చూపించాను."

"చూపించావు సరే. ఇప్పుడేం చేస్తావు?"

బొమ్మలావిడ లేచి పెయింటింగ్ గదిలోకి వెళ్ళింది. అతను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. గోడల పొడుగునా అమ్ముడుపోని బొమ్మలు. ఆస్పత్రి మంచం మీద ముగ్గురు రోగులు, నాలుగోవాడు నిలబడి వాళ్ళ దగ్గర అద్దె వసూలు చేస్తున్నాడు. ఇంకోదాన్లో తాము చచ్చామని కాగితం తెచ్చుకోవడానికి శవాలు వరసలో నిలబడ్డాయి, ముందున్న శవానికి గుమస్తా 'రేపు రా' అంటున్నాడు. జనం చూసి నవ్వేవారు. నవ్వి, ఇంట్లో గోడకి మాత్రం పూలబొమ్మ కొనుక్కుని వెళ్ళేవారు.

"వాడికెందుకు చెప్పలేదు, నేనేనని?" అంది.

"వాడికున్నది ఒక్క అక్క. బావ పోతే పోయాడు."

ఆమెకి ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఈ మనిషి మంచితనం ఎప్పుడూ ఇలా సమయం కాని సమయంలోనే బయటపడుతుంది.

"ఆ వేలు పూర్తి చేసేద్దామండీ. ఇవాళ హాలుకి సెలవు. ఎవరూ ఉండరు. గోరంత రంగు, అంతే."

"బహుమతి వచ్చిన బొమ్మ అది. దాని మీద చెయ్యి వేసినట్టు తెలిస్తే ఇక ఏ హాల్లోనూ నా బొమ్మ పెట్టనివ్వరు."

"తెలియదు."

"నాకు తెలుస్తుంది కదా." అతను ఇటు తిరిగాడు. "నా బొమ్మ చూసి జనం ముందు నవ్వుతారు. తర్వాత దగ్గరికొచ్చి, ఇది నిజమా అని మెల్లిగా అడుగుతారు. ఇన్నేళ్ళూ నిజమే అని చెప్పాను. నాకున్న ఆస్తల్లా ఆ ఒక్కమాటే. రేపు ఏం చెప్పమంటావు?"

"మీకు మీ మాట కావాలి. నాకు నా తమ్ముడు కావాలి."

"వాడు నాకు అక్కర్లేదా?"

అరుగు మీద చిన్నోడు దగ్గిన చప్పుడు వినిపించింది.

చివరికి పెయింటరే కదిలాడు. బల్ల దగ్గరికి వెళ్ళి, మట్టిపసుపు, గోధుమరంగు, కొంచెం తెలుపు ఒక డబ్బా మూత మీద వేసి కలపడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి, వెలుగుకి పెట్టి చూసి, ఎరుపు చుక్క ఒకటి కలిపాడు. ఎండలో తిరిగే మనిషి చేతిరంగు. ఆ మూతని, సన్నటి బ్రష్షుని బల్ల అంచున పెట్టాడు.

"నేను వెయ్యను. నువ్వెళ్తే ఆపను," అని కిటికీ వైపు తిరిగిపోయాడు.

ప్రదర్శన హాలు వాచ్‌మన్‌కి బొమ్మలావిడ కొత్త కాదు. సెలవురోజున వచ్చి మొగుడి బొమ్మలకి వార్నిష్ పట్టించి పోవడం ఆమెకి మామూలే. చేతిసంచీ చూసి, వెనకున్నది తమ్ముడని తెలుసుకుని, తాళం తీసి లోపలికి పంపించాడు.

చిన్నోడు ఆ బొమ్మని పేపర్లో తప్ప చూడలేదు. ఎదురుగా గోడంతా పరుచుకున్న దాన్ని చూసి నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. ఎడమపక్క ఎండ, రిబ్బను, మంత్రి, ఫొటోలవాళ్ళు, చప్పట్లు కొడుతున్న ఆడవాళ్ళు, వాళ్ళ కాళ్ళ దగ్గర ఖాళీ బిందెలు. మధ్యలో గోడ. కుడిపక్క నీడలో వంగి బకెట్టు ఒంపుతున్న మనిషి. బొట్టు బొట్టు చూసుకుని పోస్తున్నట్టు ఆ చెయ్యి ఎంత జాగ్రత్తగా ఉందో. అది చూసి ముందు అతనికి నవ్వే వచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగింది.

బొమ్మలావిడ సంచీలోంచి మూతా బ్రష్షూ తీసింది.

"అక్కా, బావ ఒకటి తప్పు వేశాడు," అన్నాడు చిన్నోడు.

"ఏంటది?"

"డ్రమ్ము మీద ట్యాంకరు నంబరు వేశాడు చూడు. ఆ నీళ్ళు ట్యాంకరువి కావు. ఆ పూట ట్యాంకరు రాలేదు."

"మరి?"

అతను ఆడవాళ్ళ కాళ్ళ దగ్గరి బిందెల వైపు చూపించాడు.

"మీ ఇంట్లో నవ్వుతూ చెప్పాను గానీ ఈ ముక్క దాచాను. మంత్రిగారొస్తున్నారు, ఇంటికో బిందె నీళ్ళు పోస్తే రేపట్నుంచి కుళాయి వస్తుందని నేనే ఇంటింటికీ తిరిగి చెప్పాను. వాళ్ళు పోశారు. తాగడానికి దాచుకున్నవి కూడా పోశారు. వాళ్ళ నీళ్ళే వాళ్ళకి చూపించి చప్పట్లు కొట్టించాం. ఆ నీళ్ళన్నీ మట్టిలో కలిసిపోయాయి. ఒకావిడ నాకు దాహమేస్తోందని గోడ వెనక్కి గ్లాసు కూడా తెచ్చిచ్చింది అక్కా."

బొమ్మలావిడ బ్రష్షు పట్టుకుని అతనికేసి తిరిగింది. "రేపు విచారణలో ఈ మాట చెప్తావా?"

"చెప్తే పెద్దసారుతో పాటు నేనూ పోతాను. పిల్లల ఫీజులు ఎవరు కడతారు? ముందు వేలు పెట్టు అక్కా."

ఆమె వేలు పెట్టింది. చెయ్యి వణకలేదు, అదే ఆమెకి సిగ్గనిపించింది. ఇన్నేళ్ళు చూసిన పని కదా, కణుపు ఎక్కడ వంగాలో, గోరు మీద మెరుపు ఎక్కడ పడాలో చేతికే తెలుసు. చూస్తుండగానే వేలు పూర్తయింది. చిన్నోడు ఊపిరి పీల్చుకుని దగ్గరికి వచ్చాడు.

"ముట్టుకోకు. ఆయిల్ రంగు, రెండు మూడు రోజుల దాకా ఆరదు. దూరంనుంచి చూస్తే తెలియదు," అంది.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. రేపు రావలసిన పెద్దసారు ఇవాళే వచ్చాడు, వెనక కాగితాలు పట్టుకున్న గుమస్తాతో. ఆమె బ్రష్షు కొంగులో చుట్టేసుకుని పక్కకి తప్పుకుంది.

"ఏమయ్యా, నువ్వూ ఇక్కడే ఉన్నావా? మంచిదే, నీకోసం కబురు పెట్టే పని తప్పింది. ఈవిడెవరు?"

"వార్నిష్ వేసే ఆవిడ సార్," అన్నాడు గుమ్మంలోంచి వాచ్‌మన్.

పెద్దసారు ఆమె వంక మళ్ళీ చూడలేదు. కళ్ళజోడు సర్దుకుని బొమ్మ మీదకి వంగి, చాలాసేపు చూసి, నవ్వుతూ లేచాడు.

"పూర్తి వేలయ్యా. చక్కగా గోరుతో సహా ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే నువ్వు భుజాలు తడుముకున్నావు."

చిన్నోడు కూడా నవ్వాడు. తమ్ముడు బతికిపోయాడు. ఆ సంతోషం బొమ్మలావిడకి దక్కింది క్షణమే.

"చెయ్యి మనది కాదు కాబట్టి కథా మనది కాదు," అన్నాడు పెద్దసారు. "అంతా ఆ పెయింటరు కల్పన. ఆఫీసు పరువు తీసినందుకు అతని మీద కేసు పెడుతున్నాం. ఈ బొమ్మ రేపు గోడ దిగుతుంది. ఇక ముందు అతను ఎక్కడా బొమ్మ పెట్టకుండా చూసుకుంటాను. నీకు బావ అవుతాడని తెలుసులే. అందుకే నీ సంతకం కావాలి. బావమరిదే కాదన్నాక అతని మాట ఎవడు నమ్ముతాడు?"

గుమస్తా కాగితం, పెన్ను అందించాడు. చిన్నోడు తీసుకున్నాడు. పెదవులు కదుపుతూ చదివాడు.

"ఆ రోజు నీళ్ళు పైపులోంచే వచ్చాయి," అని పైకి చదివాడు.

"అంతే. రెండు ముక్కలు. సంతకం పెట్టెయ్."

బొమ్మలావిడ కొంగులో బ్రష్షుని పిడికిట బిగించింది. సంతకం పెడితే కట్టుకున్నవాడు పోతాడు, పెట్టకపోతే తోడబుట్టినవాడు పోతాడు. పెట్టరా అనలేకపోయింది, వద్దురా అనలేకపోయింది. ఇంటి దగ్గర కిటికీ వైపు తిరిగి నిలబడ్డ మనిషి కళ్ళకి కట్టాడు. అతని మాట అబద్ధమని రుజువు చేసింది తన చెయ్యే.

చిన్నోడు కాగితం గోడకి ఆనించి పెన్ను పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే, బొమ్మలోని ఖాళీ బిందెల వంక చూస్తూ ఆగాడు.

"సార్, ఆ వేలు మీద ఒకసారి మీ వేలు పెట్టి చూడండి."

"ఎందుకు?"

"పెట్టి చూడండి సార్."

పెద్దసారు విసుగ్గా చెయ్యి చాచి, బొమ్మలోని చూపుడువేలిని తన చూపుడువేలితో తడిమాడు. వెనక్కి తీసుకుని చూసుకున్నాడు. కొసన గోధుమరంగు జిగురుగా అంటుకుని ఉంది. బొమ్మలో కొత్త కణుపు చెదిరి, కింద సగం వేలి పాత గీత బయటపడింది.

అతను వేలి కొసని జేబురుమాలుకి తుడుచుకున్నాడు.

"ఎవరు చేశారిది?" అన్నాడు పెద్దసారు.

"నేనే సార్," అన్నాడు చిన్నోడు.

బొమ్మలావిడ విన్నది. పొద్దున్న ఒకడు తనకోసం అబద్ధమాడాడు, ఇప్పుడు ఇంకొకడు. ఇలా ఇద్దరి చాటున నిలబడి బతకడం ఆమె వల్ల కాలేదు. కొంగు విప్పి బ్రష్షు బయటికి తీసింది.

"వాడికి బ్రష్షు పట్టుకోవడం కూడా రాదండీ. ఆ పెయింటరు భార్యని నేను. ఈ వేలు పూర్తిచేసింది నేనే," అంది. ఆగకుండా మిగతాదీ చెప్పింది. "మా ఆయన ముందు పూర్తిగానే వేశారు. తప్పని చెప్పి సగం చేయించింది కూడా నేనే."

పెద్దసారు గుమస్తా వైపు తిరిగి ఏదో గట్టిగా అంటున్నాడు. వాచ్‌మన్ తలుపు వేస్తున్నాడు. చిన్నోడికి అవేమీ వినిపించినట్టు లేదు. సంతకం లేని కాగితం చేతిలో పట్టుకుని అక్క ముఖంలోకే చూస్తున్నాడు.

"నువ్వా అక్కా?" అన్నాడు.